మాట పడిపోయిన పెద్దాయన, పది వారాల్లో ఆరుగురు అటెండెంట్లు: హోమ్‌కేర్ ఏజెన్సీ మార్చిన ఒక కేసు

నేపథ్యం

రోగి వయసు 79. రిటైరైన ప్రభుత్వోద్యోగి. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో భార్యతో కలిసి ఉంటారు. ఆమెకు 74. అమ్మాయి అమెరికాలో, అబ్బాయి బెంగళూరులో. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాం. ఏజెన్సీలు రెండింటినీ పాత ఏజెన్సీ, కొత్త ఏజెన్సీ అనే రాస్తున్నాం.

ఐదు నెలల కిందట మెదడు ఎడమ భాగంలో స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తిరిగి చెప్పలేరు. మింగడం కష్టం కాబట్టి స్పీచ్ థెరపిస్టు మెత్తటి ఆహారం, చిక్కటి ద్రవాలు మాత్రమే ఇవ్వమన్నారు. నీళ్లు, టీ, పలచటి మజ్జిగ ఇస్తే పొలమారుతుంది. ముందునుంచీ షుగర్ ఉంది, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. ఆసుపత్రిలో వేసిన మూత్రం గొట్టం ఇంకా ఉంది. స్ట్రోక్‌కు ముందు 68 కేజీలు ఉన్న మనిషి 61కి దిగారు.

పాత ఏజెన్సీ నుంచి 24 గంటల అటెండెంట్ ఒకరు ఉండేవారు, నెలకు రూ. 32,000. వారానికి ఒకసారి నర్సు వచ్చేవారు, ఒక్కో విజిట్‌కు రూ. 800. మొత్తం నెలకు రూ. 35,200. ఒక నెల డబ్బు డిపాజిట్‌గా ఏజెన్సీ దగ్గర ఉంది. అగ్రిమెంట్ ప్రకారం మానేయాలంటే 15 రోజుల ముందు చెప్పాలి.

వచ్చిన సమస్య

కుటుంబం సలహా కోసం మమ్మల్ని సంప్రదించేనాటికి పది వారాల్లో అటెండెంట్లు ఐదుగురు మారి ఆరో మనిషి నడుస్తున్నాడు. నడుము కింద, వెన్నుపూస చివర ఎముక మీద 3 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పున బెడ్‌సోర్ ఉంది. పైచర్మం ఊడి కింద ఎర్రటి పొర కనిపిస్తోంది, అంటే రెండో దశ. ఒక రాత్రి మూత్రం గొట్టం మూసుకుపోయింది. నాలుగు గంటలపాటు సంచిలోకి చుక్క రాలేదు. పెద్దాయన చెమటలు పట్టి, ఎడమచేత్తో మంచం కమ్మీ కొడుతుంటే మొండికేస్తున్నారనుకున్నాడు అటెండెంట్. పెద్దావిడ పొత్తికడుపు తడిమి చూసి, అది గట్టిగా ఉబ్బి ఉండటంతో ఆసుపత్రికి ఫోన్ చేశారు.

పిల్లల నిర్ణయం ఒక్కటే: రేపే ఈ ఏజెన్సీని తీసేయాలి. ఎక్కడ మంచిది ఉందో చెప్పండి చాలు.

మొదటి నిర్ణయం: రేపే కాదు

వెంటనే మార్చాల్సిన పరిస్థితులు కొన్ని ఉంటాయి. కొట్టిన గుర్తులు, చేతులు కట్టేసిన కమిలిక, డాక్టర్ రాయని నిద్రమాత్రలు, ఆకలితో ఉంచడం, దొంగతనం. ఇవి కనిపిస్తే నోటీసు పీరియడ్ గురించి ఆలోచించకూడదు. అదే రోజు ఆ మనిషిని పంపేసి, బంధువుల్లో ఒకరిని మంచం పక్కన కూర్చోబెట్టి, ఫోటోలు తీసి, అవసరమైతే 112కు, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయాలి. అందుకే ముందుగా ఒళ్లంతా చూశాం: మణికట్లు, చంకలు, తొడల లోపలి భాగం, చెవుల వెనక. అలాంటి గుర్తులేమీ లేవు. మగతగా కూడా లేరు. అంటే ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది.

వ్యవధి ఎందుకు కావాలంటే, ఈ ఇంట్లో పెద్దాయన గురించిన సమాచారం కాగితం మీద లేదు. మూత్రం గొట్టం ఏ తేదీన మార్చారో ఏజెన్సీ యాప్‌లో ఉంది. అగ్రిమెంట్ ముగిస్తే ఆ యాప్ తెరుచుకోదు. ఏ మాత్ర పొడి చేయాలో, ఏది చేయకూడదో ఆరో అటెండెంట్‌కు ఐదోవాడు నోటిమాటగా చెప్పాడు. పెద్దాయన దుప్పటిని ఎడమచేత్తో రెండుసార్లు లాగితే నొప్పి అనీ, ముఖం గోడవైపు తిప్పితే ఇక తినను అనీ మూడో అటెండెంట్ కనిపెట్టాడు. అతను వెళ్లిపోయాక అది పెద్దావిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ స్థితిలో రాత్రికి రాత్రి ఏజెన్సీ మారిస్తే కొత్తవాళ్లు అన్నీ మొదటినుంచి తెలుసుకోవాలి. మాట రాని మనిషి విషయంలో ఆ తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు ఆయన ఒంటి మీదే పడుతుంది.

లోపం ఎవరిది?

ఏజెన్సీ మార్చే ముందు ఇది తేల్చుకోకపోతే పాత జబ్బే కొత్త పేరుతో తిరిగొస్తుంది. లోపం మూడు చోట్ల ఉండొచ్చు: అటెండెంట్‌లో, ఏజెన్సీలో, లేదా మనం పెట్టుకున్న ఏర్పాటులో. మూడు రోజులపాటు గంటగంటకూ ఒక చార్టు రాయించాం: ఏ పక్కకు తిప్పారు, ఏం తిన్నారు, ఎంత మూత్రం వచ్చింది, ఎవరున్నారు. దానితోపాటు పెద్దావిడ డైరీ, ఏజెన్సీ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు వరుసగా చదివాం.

చార్టులో మొదట బయటపడింది రాత్రి సంగతి. 11 నుంచి 5 వరకు పెద్దాయనను ఎవరూ తిప్పడం లేదు. ఇందులో అటెండెంట్ బద్ధకం పాత్ర తక్కువే. పగలంతా పనిచేసిన మనిషి రాత్రి రెండు గంటలకోసారి లేచి 61 కేజీల మనిషిని తిప్పి మళ్లీ పొద్దున్నే పనిలో దిగడం వారం కూడా సాగదు. మొదటి ఇద్దరూ మానేసింది నిద్ర లేకే. 24 గంటల అటెండెంట్ అంటే 24 గంటలూ మెలకువగా ఉండే మనిషి కాదు, ఆ ఇంట్లోనే పడుకునే మనిషి. రాత్రిపూట తిప్పాల్సిన రోగికి ఈ ఏర్పాటు మొదటినుంచీ సరిపోదు.

రెండోది పరుపు. పంపుతో గాలి అరలు వంతులవారీగా నిండి తగ్గే పరుపు కొన్నారు, మంచిదే. కానీ పంపు మీది మీటను గరిష్ఠానికి తిప్పి పెట్టారు, గట్టిగా ఉంటే మంచిదని. దాని మీద రెక్సిన్ షీట్, దాని మీద నాలుగు మడతల దుప్పటి, పైన మరో షీట్. ఇన్ని పొరలు వేశాక గాలి అరలు నిండి తగ్గే ప్రభావం ఒంటికి చేరదు. మీటను ఆయన బరువుకు తగ్గట్టు పెట్టి, పొరలు తీసి ఒకే పలచటి కాటన్ షీట్ వేశాం. సరిచూసుకునే పద్ధతి సులభం: పుండు ఉన్న చోటికి సరిగ్గా కింద, పరుపు అడుగున అరచెయ్యి పెట్టాలి. ఆ చోట గాలి తగ్గి ఉన్నప్పుడు కూడా చేతికీ ఒంటికీ మధ్య కనీసం అంగుళం గాలి ఉండాలి. కరెంటు పోతే పంపు ఆగుతుంది కాబట్టి దాన్ని ఇన్వర్టర్ లైనుకు కలిపించాం.

చర్మం ఎర్రబడిన చోట స్పిరిట్ రాసి, పౌడర్ వేసి, గట్టిగా రుద్దడం పెద్దావిడకు ఎవరో చెప్పారు. స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది, రుద్దితే అప్పటికే దెబ్బతిన్న కండ ఇంకా దెబ్బతింటుంది. మధ్యలో బొక్క ఉన్న గుండ్రటి దిండు కూడా వాడుతున్నారు. అది బొక్క చుట్టూ ఒత్తిడి పెంచి పుండుకు రక్తం అందనివ్వదు. రెండూ ఆపించాం.

మూడోది పని చెప్పేవాళ్లు ఎక్కువ కావడం. మంచం ఎదురుగా కెమెరా ఉంది. అమెరికాలో పగలు, ఇక్కడ రాత్రి. అమ్మాయి కెమెరా చూసి రాత్రి 2 గంటలకు ఫోన్ చేసి దిండు సరిచేయమంటుంది. పొద్దున పెద్దావిడ ఇంకోలా చేయమంటారు. అబ్బాయి వాట్సాప్‌లో మూడో పద్ధతి పంపుతాడు. ఐదో అటెండెంట్ ఫోన్ ఎత్తడం మానేశాడు, దాన్నే నిర్లక్ష్యమనుకుని పెద్దావిడ వద్దన్నారు. ప్రేమతో చేసిందే ఇదంతా. అయినా పనిచేసే మనిషికి చెప్పేవాళ్లు ఒక్కరే ఉండాలి. ఆ బాధ్యత అబ్బాయి తీసుకున్నాడు. అమ్మాయికి రోజూ రాత్రి 9కి చార్టు ఫోటో వెళ్తుంది. స్నానం, బట్టలు మార్చే సమయంలో కెమెరా ఆపాలని కూడా అనుకున్నారు.

ఇక మిగిలినవి ఏజెన్సీవి. మూడో అటెండెంట్ మంచివాడు, అతన్ని చెప్పకుండా వేరే ఇంటికి పంపారు. నాలుగో అతనికి జీతం సరిగా అందక మానేశాడు. ఇంట్లో ఎన్ని సరిదిద్దినా ఈ రెండూ కుటుంబం చేతిలో లేనివి.

పాత ఏజెన్సీలోనే చేసిన ప్రయత్నం

మన వైపు లోపాలు సరిదిద్దాక అదే ఏజెన్సీకి 14 రోజుల గడువు ఇద్దామని సూచించాం. మనిషి మారితే వచ్చే ప్రమాదం పెద్దది, ఏజెన్సీ దారికి వస్తే ఆ ప్రమాదం తప్పుతుంది. రాకపోతే ఇక ఎవరికీ సందేహం ఉండదు. సూపర్‌వైజర్‌ను ఇంటికి పిలిచి, నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో షరతులు రాయించాం: 12 గంటల చొప్పున ఇద్దరు, ఒక్కొక్కరికి రూ. 20,000. మనిషిని మార్చాలంటే 48 గంటల ముందు చెప్పాలి. నర్సు వారానికి రెండుసార్లు వచ్చి పుండు కొలత రాయాలి.

మొదటి నాలుగు రాత్రులు బాగా జరిగాయి. ఐదో రాత్రి మనిషి రాలేదు, పగటి మనిషినే సర్దుకోమన్నారు. తొమ్మిదో రోజు పగటి మనిషి మారాడు, ముందు చెప్పలేదు. ఇంతవరకు జరిగినవి మనుషుల కొరత వల్ల వచ్చే ఇబ్బందులు. ఈ రంగంలో ఏ ఏజెన్సీకైనా వస్తాయి, వీటికి గట్టిగా మాట్లాడితే కొంత దారి దొరుకుతుంది. కానీ పదకొండో రోజు యాప్‌లో నర్సు విజిట్ పూర్తయినట్టు, డ్రెస్సింగ్ మార్చినట్టు నమోదైంది. ఆ రోజు నర్సు రాలేదు. పెద్దావిడ ఇంట్లోనే ఉన్నారు, అపార్ట్‌మెంట్ గేటు రిజిస్టర్‌లో పేరు లేదు, పుండు మీద ముందు నర్సు తేదీ రాసిన డ్రెస్సింగే ఉంది.

మార్చాలన్న నిర్ణయం ఇక్కడ ఖాయమైంది. ఆలస్యం, గైర్హాజరీ భరించగలిగిన లోపాలు. చేయని పని చేసినట్టు రాయడం వేరు. తనకు డ్రెస్సింగ్ మార్చలేదని పెద్దాయన చెప్పలేరు. ఆయన తరఫున మాట్లాడేది ఆ రికార్డు ఒక్కటే. అది అబద్ధమైతే గొట్టం మార్చిన తేదీని, షుగర్ రీడింగును, దేన్నీ నమ్మలేం.

కొత్త ఏజెన్సీని ఎంచుకున్న తీరు

రేట్లు, ఆన్‌లైన్ రేటింగులు పక్కన పెట్టి, మూడు ఏజెన్సీలను ఒకే ప్రశ్నలు అడిగాం. పొద్దున 6కి అటెండెంట్ రాలేదనుకోండి, ఎన్ని గంటలకు ఇంకో మనిషి వస్తాడు, అతనికి ఈ రోగి గురించి ఎవరు చెబుతారు? అటెండెంట్లకు జీతం ఏ తేదీన ఇస్తారు? వారానికి సెలవు ఉందా, ఆ రోజు ఎవరొస్తారు? నర్సు జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ చేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదై ఉన్నారా, ఆ నంబరు ఇస్తారా? పుండు పెరిగితే డాక్టర్‌ను పిలవాలని ఎవరు నిర్ణయిస్తారు? పోలీసు వెరిఫికేషన్ కాపీ ఇస్తారా?

జీతం తేదీ అడగడం కొంతమందికి అనవసరంగా అనిపిస్తుంది. కానీ అటెండెంట్ నిలకడ గురించి ఇంత నేరుగా చెప్పే ప్రశ్న ఇంకోటి లేదు. ఒక ఏజెన్సీ దీనికి జవాబు దాటేసింది. మరో ఏజెన్సీ ఏ కేసైనా చేస్తాం, రేపు మనిషిని పంపుతాం అంది. రోగి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, కాబట్టి వద్దనుకున్నాం. మూడో ఏజెన్సీ ముందు నర్సును పంపింది. ఆమె వచ్చి అడిగిన మొదటి మాట, ఎలా మింగుతున్నారు అని. పరుపు పొరలు ఎత్తి చూసింది. మోకాళ్లు, మడమలు తడిమింది. ఆ ఏజెన్సీనే ఖాయం చేశారు.

అగ్రిమెంట్‌లో నాలుగు మార్పులు అడిగాం, మూడు ఒప్పుకున్నారు. డిపాజిట్ సగం నెలది. నోటీసు 7 రోజులు. ముగిశాక 15 రోజుల్లో డిపాజిట్ వాపసు. అన్ని రికార్డుల మూలం ఇంట్లోని పుస్తకంలోనే ఉండాలి, యాప్ దాని నకలు మాత్రమే కావాలి అన్న నాలుగోదానికి ఒప్పుకోలేదు. ఇంట్లో పుస్తకం కూడా రాస్తాం అన్నంతవరకు వచ్చారు. అది చాలు.

ఈ మధ్యలో పాత ఏజెన్సీ మూడో అటెండెంట్‌ను నేరుగా పెట్టుకుందామని పెద్దావిడ అన్నారు. అతను కూడా సిద్ధమే. వద్దని చెప్పాం. అగ్రిమెంట్ ప్రకారం ఏజెన్సీ మనిషిని ఏడాది లోపు నేరుగా పెట్టుకుంటే జరిమానా కట్టాలి. అంతకన్నా ముఖ్యం, అతనికి జ్వరమొస్తే ఆ రాత్రికి మనిషి లేడు. పక్కనే ఉండే పిల్లలున్న ఇంట్లో ఈ ఏర్పాటు నడుస్తుంది, ఈ ఇంట్లో నడవదు.

ఖర్చు లెక్క కూడా చెప్పాలి. ఇద్దరు అటెండెంట్లు రూ. 21,000 చొప్పున 42,000. నర్సు వారానికి రెండుసార్లు, విజిట్‌కు రూ. 900, నెలకు 7,200. మొత్తం రూ. 49,200, అంటే 14,000 పెరిగింది. ఫిజియోథెరపిస్టు నెలకు 26 రోజులు, రోజుకు రూ. 600 తీసుకునేవారు. కీళ్లు బిగుసుకోకుండా చేసే వ్యాయామాలను ఆయనే అటెండెంట్లకు నేర్పి, తాను రోజు విడిచి రోజు వస్తే సరిపోతుందన్నారు. దాంతో రూ. 7,800 తగ్గి, నికరంగా పెరిగింది 6,200. పిల్లలిద్దరూ చెరి సగం పెట్టుకున్నారు.

నోటీసు ఇచ్చే ముందు

నోటీసు ఇచ్చాకే రికార్డులు అడగడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ఈ కేసులో వరుస తిప్పాం. ముందు యాప్‌లోని ప్రతి పేజీ స్క్రీన్‌షాట్ తీశారు: గొట్టం మార్చిన తేదీలు, షుగర్ రీడింగులు, నర్సు నోట్సు, చెల్లింపుల రసీదులు. గొట్టం సైజు 16, లోపలి బెలూన్ 10 మి.లీ., రబ్బరు రకం అని నర్సుతో పుస్తకంలో రాయించారు. గొట్టం ఏ రకమో తెలియడం ముఖ్యం. పూర్తి సిలికాన్ గొట్టం 12 వారాల వరకు ఉంచొచ్చు, మామూలు రబ్బరు గొట్టాన్ని నాలుగు వారాలు దాటనివ్వకూడదు. ఆ రాత్రి మూసుకుపోయింది ఐదు వారాలు దాటిన రబ్బరు గొట్టం. పుండు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశారు. మందులు, డ్రెస్సింగ్ సామాను, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు లెక్కపెట్టి రాసుకున్నారు. కొత్త ఏజెన్సీ ఏ రోజున మొదలవుతుందో రాతపూర్వకంగా వచ్చాకే పాతవాళ్లకు నోటీసు వెళ్లింది. నోటీసు అందిన రోజే మనిషిని వెనక్కి పిలిపించుకునే ఏజెన్సీలు ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త.

అగ్రిమెంట్‌లో 15 రోజులని ఉన్నా ఐదో రోజున మారడానికి కుటుంబం సిద్ధపడింది. మిగిలిన రోజుల డబ్బు పోయినా సరేనన్నారు. అబద్ధపు రికార్డు బయటపడ్డాక ఆ పది రోజులు ఆగడం కన్నా ఇదే మేలు.

ఇద్దరూ కలిసి ఉన్న రెండు రోజులు

మారే ముందు రెండు పగళ్లు పాత అటెండెంట్, కొత్త అటెండెంట్ ఇద్దరూ ఉన్నారు. మొదటి రోజు కొత్తతను చూడటమే, రెండో రోజు అతను చేస్తుంటే పాతతను చూడటం. పాత అటెండెంట్‌కు ఏజెన్సీ మీద కోపం ఉందేమో కానీ పెద్దాయన మీద లేదు. మర్యాదగా అడిగితే తెలిసిందంతా చెప్పాడు.

మంచం పక్క గోడకు ఒక కాగితం అంటించాం. కొత్త పగటి అటెండెంట్ ఒడిశా అతను, తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. అందుకే మాటలు తగ్గించి బొమ్మలు, అంకెలు పెట్టాం. గడియారం బొమ్మ పక్కన మనిషి ఏ పక్కకు ఉండాలో గీశాం. పుండు వెన్ను కింద ఉంది కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టడం లేదు. ఎడమకు, కుడికి 30 డిగ్రీల వాలు, వీపు వెనక దిండు, మడమలు గాల్లో ఉండేలా పిక్కల కింద ఇంకో దిండు. కుడివైపు స్పర్శ సరిగా లేదు కాబట్టి ఆ పక్కన తక్కువసేపు.

అన్నిటికన్నా చిక్కు తెచ్చింది కూర్చోబెట్టడం. పొలమారకుండా ఉండాలంటే నిటారుగా కూర్చోబెట్టి తినిపించి, తర్వాత అరగంట అలాగే ఉంచాలి. పుండు మానాలంటే ఎంత తక్కువ కూర్చుంటే అంత మంచిది. మంచం తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తితే ఒళ్లు కిందికి జారి చర్మం సాగుతుంది, పుండు తిరగబెడుతుంది. రెంటికీ సరిపడేలా రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి గంట లోపు, మంచంలో కాకుండా మెత్తటి కుషన్ వేసిన కుర్చీలో కూర్చోబెట్టాలని డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకున్నాం. మిగతా సమయం మంచం తల కిందికే.

తప్పినది

ఇద్దరూ కలిసి ఉన్నది పగలు మాత్రమే. రాత్రి మనిషికి గోడ కాగితం చూపించి, పెద్దావిడ నోటితో చెప్పారు. రెండో రాత్రి 10 గంటల మాత్ర వేసేటప్పుడు అతను వంటింట్లోకి వెళ్లి గ్లాసుడు మంచినీళ్లు తెచ్చాడు. కాగితం పడకగదిలో ఉంది, నీళ్ల బాటిల్ వంటింట్లో ఉంది. పెద్దాయనకు గట్టిగా పొలమారింది. అప్పటికి సర్దుకున్నట్టే కనిపించింది. 36 గంటల తర్వాత జ్వరం 101, శ్వాస నిమిషానికి 26, రక్తంలో ఆక్సిజన్ 93 శాతం. ఇంటికి వచ్చిన డాక్టర్ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా మొదలైనట్టుందన్నారు. ఎక్స్‌రే తీయించి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఆసుపత్రిలో చేర్చకుండానే తగ్గింది, కానీ ఐదు రోజులు తిండి తగ్గి పుండు మానడం ఆగింది.

దీని తర్వాత మూడు మార్పులు చేశాం. నీళ్ల బాటిల్ మీద, ఫ్రిజ్ తలుపు మీద, టీ గిన్నెల అల్మారా మీద ఎర్ర గీత కొట్టిన గ్లాసు బొమ్మ అంటించాం. మాత్రలు నీళ్లతో కాదు, గడ్డ పెరుగులో ఇవ్వాలి. ఏవి పొడి చేయొచ్చో డాక్టర్‌తో టిక్కు పెట్టించాం. నిదానంగా కరిగే రకం, పేగుల్లో కరిగేలా పూత ఉన్న రకం మాత్రలు పొడి చేయకూడదు. మూడోది, ఎవరు కొత్తగా వచ్చినా, ఒక్క షిఫ్టుకే వచ్చినా, మొదటి ముద్ద పెద్దావిడ ఎదుట పెట్టాలి.

పనిచేసినవి

పుండుకు అంతకుముందు రోజూ బెటాడిన్, పైన పొడిగా ఉన్న గాజ్ (పలచటి నూలు) గుడ్డ. గుడ్డ ఎండి అతుక్కుని, తీసినప్పుడల్లా కొత్త చర్మం ఊడేది. కొత్త నర్సు డాక్టర్‌తో మాట్లాడి సెలైన్‌తో కడిగి ఫోమ్ డ్రెస్సింగ్ వేశారు. తడిస్తే వెంటనే, లేకపోతే వారానికి రెండుసార్లు మార్చేవారు. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష బాగుందని తేలాక ప్రొటీన్ పెంచారు. 61 కేజీల మనిషికి పుండు ఉన్నప్పుడు రోజుకు దాదాపు 75 నుంచి 90 గ్రాములు కావాలి. రెండు గుడ్లు, మెత్తగా చేసిన పప్పన్నం, పెరుగు, పాలతో చిక్కగా కాచిన రాగిజావ, డాక్టర్ చెప్పిన ప్రొటీన్ పొడి కలిపితే అక్కడికి దగ్గరగా వచ్చింది. రెండో వారానికి 2.5 సెం.మీ., నాలుగో వారానికి 1 సెం.మీ., ఏడో వారానికి మూసుకుంది. నర్సు వారానికి ఒకసారికి తగ్గి, నెలకు రూ. 3,600 మిగిలింది.

ఈ మానడంలో ఏజెన్సీ వాటా ఎంత, పరుపు, తిండి వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేం. పాత ఏజెన్సీతో ఉన్న చివరి రెండు వారాల్లో పరుపు సరిచేశాక పుండు పెరగడం ఆగింది, తగ్గలేదు. రాత్రిపూట నిజంగా తిప్పడం, కొలత నిజంగా రాయడం మొదలయ్యాకే తగ్గింది.

డిపాజిట్ విషయంలో పాత ఏజెన్సీ మొదట మొత్తం పట్టుకుంది. అబ్బాయి అగ్రిమెంట్ క్లాజు, నోటీసు తేదీ, గేటు రిజిస్టర్ ఫోటో, ఆనాటి యాప్ స్క్రీన్‌షాట్ జతచేసి ఈమెయిల్ రాశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తానన్నాడు. నోటీసు రోజుల్లో మిగిలిన పది రోజుల డబ్బు తగ్గించుకుని మిగతాది ఇచ్చారు. గొడవ పెంచకుండా కుటుంబం ఒప్పుకుంది.

వేరే ఇళ్లకు పనికొచ్చేవి

ఈ కేసులో మళ్లీ వాడుకోదగ్గది ఇంట్లోని పుస్తకం. 200 పేజీల మామూలు లాంగ్ నోట్‌బుక్. ఎడమ పేజీలో పగలు, కుడి పేజీలో రాత్రి. చేసిన పని చేసినప్పుడే రాయాలి, షిఫ్టు చివర ఒకేసారి నింపకూడదు. పేజీ అంతా ఒకే పెన్నుతో, ఒకే తొందరలో రాసినట్టుంటే అడగాలి. వెనక అట్ట మీద మూత్రం గొట్టం మార్చిన తేదీ, మళ్లీ మార్చాల్సిన తేదీ. ఏజెన్సీ ఎప్పుడు మారినా ఈ పుస్తకం కదలదు.

జిల్లా కేంద్రాల్లో, చిన్న ఊళ్లలో మారడానికి రెండో ఏజెన్సీయే ఉండకపోవచ్చు. అలాంటి చోట పనిని విడగొట్టడం మంచిది. ఒళ్లు తుడవడం, తిప్పడం, తినిపించడం ఏజెన్సీ అటెండెంట్‌కు వదిలి, డ్రెస్సింగ్, గొట్టం పనిని దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌తో విడిగా మాట్లాడుకోవాలి. అప్పుడు చేసేవాళ్లు ఒకరు, చూసేవాళ్లు ఇంకొకరు అవుతారు. పుండు పెరుగుతుంటే నర్సు చెబుతుంది, నర్సు రాకపోతే అటెండెంట్ చెబుతాడు. ఒకే ఏజెన్సీ రెండూ చేసే చోట ఈ సౌకర్యం ఉండదు.

ఈ ఇంట్లో ఇంకా తేలనివి రెండు. మూత్రం గొట్టం తీసి చూడొచ్చేమో యూరాలజిస్టును అడగాలి. ఆసుపత్రిలో వేశారు కాబట్టి ఉంది తప్ప, ఎన్నాళ్లు ఉండాలో ఎవరూ నిర్ణయించలేదు. ఇన్సులిన్ పెన్ను పెద్దావిడ ఒక్కరే వేస్తారు. అటెండెంట్లకు అది అప్పగించలేదు, అది వాళ్ల పని కాదు. ఆమెకు ఒంట్లో బాగాలేని రోజున ఉదయం, సాయంత్రం నర్సు విజిట్‌కు కొత్త ఏజెన్సీ ఒప్పుకుంది, రేటు రాసిచ్చింది. అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడల్లా ఉన్నన్ని రోజులూ ఇన్సులిన్ తనే వేస్తున్నాడు.